పాత పేపర్లు, గుప్పెడు మెంతులు: ఇంట్లో చేతిపని మొదలుపెట్టడం ఎలా

సెలవులు రాగానే పిల్లలకి క్రాఫ్ట్ కిట్ కొనిచ్చే ఇళ్ళు చాలా ఉంటాయి. డబ్బా విప్పుతారు, పైన బొమ్మలో ఉన్నట్టే అతికిస్తారు, గంటలో అయిపోతుంది. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో, ఏ రంగు వెయ్యాలో అన్నీ వాళ్ళే చెప్పేశాక పిల్లలు ఆలోచించడానికి ఏం మిగిలింది? డబ్బా అటక మీదికి, పిల్లలు ఫోన్ మీదికి.

అందుకే ముందు ఇంట్లో ఏముందో చూడండి. ఏం చెయ్యాలన్నది తర్వాత తేలుతుంది. మన పెద్దవాళ్ళ పద్ధతీ ఇదే. పాత చీరలు పోగుపడ్డాయి కాబట్టి బొంత కుట్టారు. తాటాకు దొరికింది కాబట్టి విసనకర్ర, బుట్ట, పిల్లలకి ఓ గిలక. చాటకి సందులు పడితే పాత కాగితాలు, మెంతులు కలిపి రుబ్బి అలికారు. ఈ చివరి పనినే ఇక్కడ కాస్త సాగదీసి చెప్తాను. ఖర్చు దాదాపు లేదు, ఐదేళ్ళ పిల్ల నుంచి నాయనమ్మ దాకా అందరి చేతులూ పడతాయి, పైగా చేసింది ఏళ్ళ తరబడి ఉంటుంది.

ముందు ఒక పళ్ళెం

టూ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్లో క్రాఫ్ట్‌కి వేరే గది ఎక్కడినుంచి వస్తుంది? అక్కర్లేదు. అంచున్న పెద్ద స్టీలు పళ్ళెమో, ప్లాస్టిక్ ట్రేనో ఒకటి దీనికే కేటాయించండి. పని మొత్తం అందులోనే జరగాలి. భోజనాల వేళకి ఉన్నదున్నట్టు ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టేస్తే సరి. సర్దడం తేలికైతే రేపు మళ్ళీ తియ్యబుద్ధవుతుంది. సర్దడానికే అరగంట పడితే ఇంట్లో ఎవరో ఒకరు "ఇప్పుడెందుకులే ఈ గోల" అంటారు, ముచ్చట అక్కడితో సరి.

ఇంకో మాట. ఏ రోజు పని ఆ రోజు పూర్తి చేసి తుడిచేయకండి. సగంలో ఆపి, కుంచె పక్కనే పెట్టి వదిలెయ్యండి. ఖాళీ పళ్ళెం చూసి ఎవరూ కూర్చోరు. సగం రంగేసిన గిన్నె కనిపిస్తే మాత్రం బడి నుంచి వచ్చిన పిల్లాడు యూనిఫాం మార్చకముందే కూర్చుంటాడు. టీ గ్లాసుతో అటుగా వచ్చిన తాతయ్య కూడా "ఇక్కడో చుక్క పెట్టనా?" అని అడుగుతాడు.

పళ్ళెంతో పాటు ఒక అట్టపెట్టె. వారం రోజులు చెత్తబుట్టలోకి వెళ్ళేవాటిలో పనికొస్తాయనిపించినవి అందులో వెయ్యమనండి. పెళ్ళి శుభలేఖలు, స్వీట్ల డబ్బాలు, కొత్త చొక్కాల్లో వచ్చే అట్టలు, జాకెట్టు గుడ్డల పీలికలు, చింతగింజలు, సీతాఫలం గింజలు, కొబ్బరి చిప్పలు, ఐస్‌క్రీమ్ పుల్లలు. శుభలేఖల్ని మాత్రం పారెయ్యనే వద్దు. అంత మందమైన అట్ట, అంత మెరిసే బంగారు కాగితం విడిగా కొనాలంటే బోలెడు డబ్బులవుతాయి.

కొనాల్సినవి కొన్నే. ఫెవికాల్ సీసా, రెండు కుంచెలు, ఉప్పు కాగితం, అంటే శాండ్‌పేపర్, ఐదు పోస్టర్ రంగులు: ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు. బెజవాడ వాళ్ళకి వన్‌టౌన్, బీసెంట్ రోడ్డు ఉన్నాయి, గుంటూరు వాళ్ళకి పట్నం బజారు ఉంది. లేదంటే వీధి చివరి స్టేషనరీ కొట్టు చాలు. షాపువాడు పన్నెండు రంగుల పెట్టె చూపిస్తాడు, తీసుకోకండి. ఐదే ఉంటే ఆకుపచ్చ కోసం పసుపూ నీలం కలపాల్సి వస్తుంది, కలిపిన ప్రతిసారీ వేరే ఆకుపచ్చ వస్తుంది. సగం సరదా అక్కడే.

పేపర్ గుజ్జు గిన్నె

పావుకిలో న్యూస్‌పేపర్లు, 50 గ్రాముల మెంతులు తీసుకోండి. ఓ మోస్తరు గిన్నెలు రెండు వస్తాయి. ఆదివారం అనుబంధంలో వచ్చే నున్నటి మెరుపు కాగితం పక్కన పెట్టెయ్యండి, అది సరిగ్గా నానదు.

మొదటి రోజు రాత్రి చింపుడు పని. కత్తెర వద్దు. చేత్తో చింపితే అంచుల్లో పీచు బయటికొస్తుంది, నీళ్ళు తొందరగా పీలుస్తుంది. ముక్కలు రూపాయి బిళ్ళంత ఉంటే చాలు. ఇక్కడ పిల్లలకి ఒక తమాషా చూపించండి. పేపర్ని పైనుంచి కిందికి చింపితే గీత గీసినట్టు సూటిగా పోతుంది. అడ్డంగా చింపితే ఎంత జాగ్రత్తపడ్డా వంకర్లు తిరుగుతుంది. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు పీచులో ఎక్కువ భాగం ఒకే వైపుకి పరుచుకుంటుంది కాబట్టి ఇలా. ఇది తెలిశాక పేపరంతా వాళ్ళే చింపేస్తారు, మీకు పని తప్పుతుంది. ముక్కల్ని బకెట్లో వేసి గోరువెచ్చని నీళ్ళు పొయ్యండి. మెంతులు వేరే గిన్నెలో నానబెట్టండి.

రెండో రోజు పొద్దున బకెట్లో నీళ్ళు సిరా దిగి నల్లగా ఉంటాయి. వాటిని వార్చేసి, గుజ్జుని మంచినీళ్ళతో ఒకసారి కడగండి. ఆ నీళ్ళు సింకులో మాత్రం పొయ్యకండి. గుజ్జు పైపులోకి దిగి బిగుసుకుంటే ప్లంబర్‌ని పిలవాలి. గుడ్డలో వడకట్టి, నీళ్ళు బయట పారబొయ్యండి.

తర్వాత మిక్సీ. ఇంట్లో మూలన పడ్డ పాత జార్ ఉంటే అదే వాడండి, కొత్త జార్‌కి మెంతుల వాసన ఓ పట్టాన వదలదు. ఒక్కోసారి గుప్పెడు గుజ్జు, గ్లాసు నీళ్ళు. ఆపి ఆపి నాలుగైదు తిప్పులు. నీళ్ళు తగ్గించి ఒకేసారి కూరితే గుజ్జు బ్లేడుకి చుట్టుకుని మోటార్ వేడెక్కుతుంది. ఇంట్లో రోలు ఉన్నవాళ్ళకి ఈ టెన్షన్ లేదు, దంచేసుకోవచ్చు. మెంతులు విడిగా, వీలైనంత మెత్తగా రుబ్బండి. గరిటెతో ఎత్తితే తీగలా సాగాలి. ఆ జిగురే కాగితాన్ని పట్టి ఉంచుతుంది, ఆ చేదే పురుగుని దగ్గరికి రానివ్వదు.

గుజ్జుని గుడ్డలో మూటకట్టి పిండండి. ఎంత పిండాలంటే, కాస్త పిడికిట్లోకి తీసుకుని నొక్కితే వేళ్ళ సందుల్లోంచి రెండు మూడు చుక్కలు రాలాలి, ధార కారకూడదు. మరీ పొడిగా పిండితే ముద్ద అతకదు, తడి ఎక్కువైతే గిన్నె గోడలు జారిపోతాయి. ఇప్పుడు మెంతి ముద్ద వేసి పది నిమిషాలు పిసకండి. కావాలంటే ఒక చెంచా ఫెవికాల్. ఈ రెండు రోజులూ ఇల్లంతా మెంతుల వాసనే. ఎండాకాలమైతే పక్క ఫ్లాట్ వాళ్ళు "అప్పుడే ఆవకాయ పెట్టేస్తున్నారా?" అని అడుగుతారు, సమాధానం సిద్ధంగా పెట్టుకోండి.

అచ్చుకి స్టీలు గిన్నె. చాలామంది గిన్నె బోర్లించి పైన పూస్తారు. గుజ్జు ఆరేకొద్దీ కుదించుకుపోతుంది కదా, అప్పుడు అది గిన్నెని బిగించి పట్టుకుని అంచుల దగ్గర పగులుతుంది. మొదటిసారి చేసేవాళ్ళు గిన్నె లోపల పూయడం మంచిది. కుదించుకునేటప్పుడు తనంతట తనే గోడని వదిలేస్తుంది. లోపల పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, అడుగు మధ్యలోంచి మొదలుపెట్టి బొటనవేలితో నొక్కుకుంటూ అంచులదాకా రండి. మందం అర సెంటీమీటరు. అడుగు ఎప్పుడూ మందమైపోతుంది, అంచు ఎప్పుడూ పల్చబడుతుంది, అది చూసుకోండి. పొడిగుడ్డతో అద్దితే మిగిలిన నీరు పీల్చేస్తుంది. పిల్లల గిన్నెల మీద వేలి గుంటలు పడతాయి. చెరపకండి, రంగు పడ్డాక అవే డిజైన్ అవుతాయి.

ఎండబెట్టడంలోనే చాలా గిన్నెలు పాడవుతాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, తడి గుజ్జు ఎంత? మొదటి రోజు నీడలో, ఫ్యాన్ గాలికి వదలండి. మర్నాటికి గిన్నె గోడని వదిలి ఉంటుంది. కవరు పట్టుకుని మెల్లగా పైకి లాగి, బోర్లించి, అప్పుడు ఎండలో పెట్టండి. మన కృష్ణా, గుంటూరు ఎండలకి రెండు రోజులు చాలు. ఆరిందో లేదో తెలియాలంటే చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. వేలితో కొడితే కూడా తెలుస్తుంది, తడి గిన్నె మొద్దుగా మోగుతుంది, ఎండింది టకటకమంటుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోతేనే మేలు. రెండో రోజుకే బూజు పడుతుంది.

పగులు వచ్చిందా? కాస్త గుజ్జు దాచి ఉంచుకుంటే దాంతోనే పూడ్చెయ్యండి. ముందు పగులుని నీళ్ళతో తడపాలి, లేకపోతే కొత్త గుజ్జు ఆరి ఊడొస్తుంది.

ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, బాల్కనీలో కూర్చోండి. ఆ తర్వాత సుద్దపొడి, ఫెవికాల్, నీళ్ళు కలిపి తెల్లగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత. ఈ తెలుపు లేకుండా నేరుగా రంగేస్తే గుజ్జు రంగుని తాగేసి మడ్డిగా కనిపిస్తుంది.

ఈ గిన్నెల్లో తాళాలు, గాజులు, క్లిప్పులు, చిల్లర, ఏవైనా వేసుకోండి. తినేవి మాత్రం వద్దు. న్యూస్‌పేపర్ సిరా తిండికి తగలకూడదని ఆహార భద్రత అధికారులు చెప్తూనే ఉన్నారు. నీళ్ళూ తగలకూడదు. దుమ్ము పడితే పొడిగుడ్డతో తుడవండి.

అదే గుజ్జుతో బొమ్మలు

గిన్నె చేతికి అలవాటయ్యాక బొమ్మ చెయ్యాలనిపిస్తుంది. అప్పుడు కొండపల్లి వైపు చూడాలి. బెజవాడ నుంచి హైదరాబాద్ దారిలో 20 కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. ఊళ్ళో బొమ్మల కాలనీకి వెళ్తే ఇళ్ళ దగ్గరే పని చేస్తూ కనిపిస్తారు. పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళండి. కొనడం సంగతి తర్వాత, ముందు చూడనివ్వండి. వాళ్ళు వాడేది తెల్ల పొణికి కర్ర, తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. దాన్ని సెగకి పెట్టి తేమ లాగేస్తారు. బొమ్మనంతా ఒకే కర్రలో చెక్కరు. చేతులు, కాళ్ళు, తల వేర్వేరుగా చెక్కి అతుకుతారు. అతుకులు కనిపించకుండా చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెట్టి సాపు చేస్తారు. పైన తెల్ల పూత, దాని మీద రంగులు.

మనం కర్ర చెక్కలేకపోయినా ఈ వరస మనకి పనికొస్తుంది. గుజ్జుతో ఏనుగుని ఒకే ముద్దగా చేశారనుకోండి, పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది, కాళ్ళ దగ్గర విరుగుతుంది. అందుకని ఒళ్ళు వేరు, కాళ్ళు వేరు, తొండం వేరు. ఒళ్ళుకి లోపల పాత పేపర్ ఉండ చుట్టి దారంతో కట్టండి, పైన మాత్రమే గుజ్జు పూయండి. తొండానికి సన్నటి తీగ. అన్నీ విడివిడిగా ఎండాక అతకండి.

అతకడానికి ఫెవికాల్ చాలు. ఓపిక ఉంటే మక్కు ఇంట్లోనే చేసుకోవచ్చు. మాఘ, ఫాల్గుణాల్లో కొత్త చింతపండు కొని గింజ తీసే ఇళ్ళలో గింజలకేం తక్కువ? ఒక కప్పు గింజలు మూకుడులో వేయించండి. పెంకు పగిలి చిటపటమంటుంది. చల్లారాక దంచి నల్ల తొక్క చెరిగేస్తే లోపల తెల్లటి పప్పు మిగులుతుంది. రాత్రంతా నానబెట్టి రుబ్బి, నీళ్ళు పోసి సన్నని సెగ మీద తిప్పుతూ ఉడికించండి. చిక్కటి జిగురు తయారవుతుంది. అందులో జల్లించిన రంపపు పొట్టు కలపండి. పొట్టు ఏ కార్పెంటర్ని అడిగినా ఇస్తాడు. ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో రసాయన జిగుర్లుంటాయి. అసలు కర్ర కోసినది అడగండి. ఈ మక్కు ఎక్కువ రోజులు నిల్వ ఉండదు, ఆ పూటకి ఎంత కావాలో అంతే కలుపుకోండి.

ఏం బొమ్మ చెయ్యాలి? ఇక్కడ మీ నోరు కట్టేసుకోండి. కొండపల్లిలో దశావతారాలతో పాటు అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు కూడా ఉంటారు. అంటే చుట్టూ కనిపించిన మనుషుల్నే వాళ్ళు బొమ్మలు చేశారు. మీ పిల్ల సాయంత్రం పునుగుల బండిని చేస్తానంటే, హెల్మెట్ పెట్టుకున్న ఫుడ్ డెలివరీ అబ్బాయిని చేస్తానంటే అడ్డుపడకండి. ప్రకాశం బ్యారేజి చేస్తానని పట్టుబట్టినా సరే. అసలు దానికి 70 గేట్లు, మీరు ఐదారుతో బేరం కుదుర్చుకోండి.

గుజ్జు నచ్చనివాళ్ళకి

చేతులు పాడవడం ఇష్టం లేని పిల్లలుంటారు. వాళ్ళకి బెండకాయ అచ్చు. మచిలీపట్నం పక్కన పెడనలో టేకు అచ్చులతో కలంకారీ అద్దుతారు కదా, అదే పని కూరగాయతో. ముదురు బెండకాయని అడ్డంగా కోసి, కోసిన వైపు గుడ్డతో అద్ది జిగురు తీసెయ్యండి. సాసర్‌లో తడి స్పాంజి ముక్క పెట్టి, దాని మీద ఫ్యాబ్రిక్ రంగు రాయండి. అచ్చుని స్పాంజికి అద్ది గుడ్డ మీద పెట్టి నొక్కి, నిట్టనిలువుగా ఎత్తాలి, పక్కకి జరిపితే అలుక్కుపోతుంది. అరటి దూట ముక్క, ఉల్లిపాయ చెక్క కూడా బాగా పడతాయి. గుడ్డ కింద పాత దుప్పటి మడత పరవండి, గట్టి బల్ల మీద అచ్చు అతుకులు అతుకులుగా పడుతుంది. కొత్త గుడ్డయితే ముందు ఉతికి గంజి వదిలించాలి. ఒక రోజు ఆరనిచ్చి, తిరగేసి ఇస్త్రీ చేస్తే రంగు నిలుస్తుంది. మొదట పాత పంచె మీద అద్ది చూసుకుని తర్వాత మంచి సంచి మీదికి వెళ్ళండి.

గుంటూరు వాళ్ళకి గోనె సంచికి కొదవ లేదు. అంచు దారాలు లాగితే కుచ్చులొస్తాయి, మధ్యలో రంగు ఊలుతో నాలుగు కుట్లు వేస్తే గోడకి వేలాడదీసుకునే పట్టా అయిపోతుంది. మిర్చి టిక్కీకి, అంటే ఎండుమిర్చి బస్తాకి వాడిన గోనెని మాత్రం ఇంట్లో దులపకండి. సబ్బునీళ్ళలో రెండుసార్లు నానబెట్టి ఉతికాకే లోపలికి తేవాలి, లేదంటే తుమ్ములతో ఇల్లు ఎగిరిపోతుంది.

పక్కన కూర్చోవడం

పిల్లలు చేస్తుంటే మీరు ఫోన్ చూసుకుంటూ "ఊఁ, కానివ్వు" అంటే పావుగంటలో లేచిపోతారు. మీరూ ఓ ముద్ద తీసుకుని మీదేదో చేసుకోండి. పిల్లల దాంట్లో వేలు పెట్టకండి. "ఏనుగుకి ఐదు కాళ్ళేంటి నాన్నా?" అనాలనిపిస్తుంది. అనకండి. "ఇదేంటో చెప్పు" అనండి. ఐదోది తోక అని తేలవచ్చు. ప్రతిదానికీ "సూపర్" అనేసినా లాభం లేదు, నాలుగోసారికి ఆ మాటకి విలువ పోతుంది. "ఈ నీలం ఎలా కలిపావు?" అని అడిగితే మాత్రం పది నిమిషాలు చెప్తారు.

తప్పు సరిదిద్దాల్సింది ఒక్కచోటే, చాకు, మూకుడు, మిక్సీ దగ్గర. అవి పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళని ప్రేక్షకుల్లా సోఫాలో కూర్చోబెట్టకండి. "అత్తయ్యా, కొబ్బరాకుతో బూర ఎలా చుట్టేవాళ్ళు?" అని అడిగి చూడండి. "ఇప్పుడెక్కడ గుర్తుందమ్మా" అంటారు. ఓ కొబ్బరాకు చేతిలో పెడితే గుర్తు చేతులకే వస్తుంది, మాట పూర్తయ్యేలోపు బూర తయారవుతుంది. తాటాకు గిలక, కళ్ళజోడు, చేతి వాచీ కూడా అడగండి. ఇవి ఒకరు చేస్తుంటే పక్కన కూర్చుని చూసి పట్టుకోవాల్సినవి. వాళ్ళకి వేగంగా చెయ్యడం అలవాటు కాబట్టి రెండోసారి మెల్లగా చెయ్యమని బతిమాలాలి.

సంక్రాంతి కొలువుకి మీ బొమ్మలు పెట్టుకోవాలంటే కార్తీక మాసం చివర్లోనే గుజ్జు నానబెట్టండి. డిసెంబరు మంచుకి గుజ్జు ఆరడానికి వారం పడుతుంది, ఎండ ఉన్నంతసేపూ డాబా మీద ఉంచి సాయంత్రం నాలుగున్నరకల్లా లోపలికి తెచ్చెయ్యాలి. అతకడానికి రెండు రోజులు, తెల్ల పూతలకి రెండు రోజులు, రంగులకి పిల్లల సెలవు రోజులు. కొలువు మెట్లు మూడో ఐదో ఎలాగూ ఉంటాయి. కింది మెట్టు పూర్తిగా పిల్లలకి వదిలెయ్యండి, పునుగుల బండి ఎక్కడ నిలబడాలో వాళ్ళే చెప్తారు. కొలువు ఎత్తాక ఒక్కో బొమ్మనీ పాత కాటన్ గుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు వేసి అట్టపెట్టెలో పెట్టండి. ఆ పెట్టెని గోడకి ఆనించకుండా అటక మీద పెడితే వానాకాలంలో చెమ్మ పట్టదు.